అంగస్తంభన మాత్రను డాక్టరు చీటీ లేకుండా అమ్మవచ్చా?

లంక రైతు, రాజోలు ప్రాంతం:

ఈ సంగతి రాయాలా వద్దా అని రెండు నెలలు ఆలోచించాను. నా వయసు 51. కొబ్బరి తోట, కొద్దిపాటి వరి ఉన్నాయి. నిరుడు సంక్రాంతి దాటినప్పటి నుంచి అంగస్తంభన సరిగా ఉండటం లేదు. మొదట అలసట అనుకున్నాను, తరువాత వయసు అనుకున్నాను. మా ఊరి షాపులో అడిగితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుందని భయపడి, పక్క పట్నానికి వెళ్లి, జనం పలచబడేదాకా ఎండలో నిలబడి, ముందు తలనొప్పి మాత్రలు కొని, ఆ తరువాతే ఈ మాత్ర పేరు చెప్పగలిగాను. కౌంటరు దగ్గరి కుర్రవాడు ఒక్క ప్రశ్న కూడా అడగకుండా నాలుగు మాత్రల స్ట్రిప్పును కాగితంలో చుట్టి ఇచ్చాడు. మాత్ర పనిచేసింది, ఎనిమిది నెలలు అలాగే వాడాను. ఈలోగా కొబ్బరి మట్ట గీసుకుని కాలికి తగిలిన దెబ్బ ఎంతకీ మానకపోవడంతో రక్తపరీక్ష చేయించుకుంటే పరగడుపు షుగరు 240 ఉంది. ఇది నిన్న మొన్న వచ్చిన షుగరు కాదని, అంగస్తంభన తగ్గడం దాని తొలి సూచన అయి ఉంటుందని డాక్టరు గారు చెప్పారు. ఆ కుర్రవాడు చీటీ అడిగి ఉంటే నేను ఎనిమిది నెలల ముందే పరీక్ష చేయించుకునేవాడిని. అందుకే ఈ మాత్రను చీటీ లేకుండా ఎవరికీ అమ్మకూడదని నా అభిప్రాయం. మీరేమంటారు?

ఫార్మసిస్టు, పాలకొల్లు ప్రాంతం:

రైతు గారూ, మీ బాధ అర్థమైంది కానీ మీ నిర్ణయంతో ఏకీభవించలేను. 19 ఏళ్లుగా కౌంటరు వెనక నిలబడుతున్నాను. ఈ మాత్రలోని మందు సిల్డెనాఫిల్, అది షెడ్యూల్ హెచ్ మందు, చీటీ లేకుండా అమ్మడం చట్టవిరుద్ధం, కాబట్టి నేను చీటీ లేనివారిని వెనక్కి పంపుతాను. అలా వెనక్కి పంపినవారిలో ఎంతమంది డాక్టరు దగ్గరకు వెళతారనుకుంటున్నారు? ప్రతి నెలా ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో దిగుతామని గోడల మీద రాయించుకునేవారి దగ్గరకు వెళతారు. లైంగిక సామర్థ్యం పెంచుతామని మందులకు ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది, అయినా ఆ రాతలు మన బస్టాండు గోడల మీద చెరగడం లేదు. మూలికల పొడి అని చెప్పి, అందులో ఇదే సిల్డెనాఫిల్‌ను చెప్పకుండా కలిపి అమ్మిన ఉదంతాలను ఎన్నో దేశాల ఔషధ నియంత్రణ అధికారులు పట్టుకున్నారు. అలాంటి పొడిలో మోతాదు ఎంతో కలిపినవాడికి కూడా తెలియదు. బ్రిటన్‌లో 2018 నుంచి 50 మిల్లీగ్రాముల సిల్డెనాఫిల్‌ను ఫార్మసిస్టు తానే ప్రశ్నలు అడిగి, ఆ మనిషికి సరిపడుతుందని తేల్చుకుని, చీటీ లేకుండా ఇవ్వవచ్చు. అక్కడ అడిగే ప్రశ్నలు మనం తెలుగులో అడగలేమా? శిక్షణ పొందిన ఫార్మసిస్టుకు ఆ అధికారం ఇచ్చేలా చట్టం మారాలని నేను కోరుతున్నాను.

ఒక ఇల్లాలు, అమలాపురం:

పేరు చెప్పుకోలేను, క్షమించండి. మీరిద్దరూ షాపు గురించే మాట్లాడుతున్నారు, మా ఇంట్లో జరిగింది వేరు. మావారికి ఇదే సమస్య వచ్చినప్పుడు ఆయన నాతో ఒక్క మాట చెప్పలేదు. వీధి అరుగు మీద పడుకోవడం మొదలుపెట్టారు. నా మీద మనసు విరిగిందని నేను ఆరు నెలలు లోలోపల కుమిలిపోయాను. ఆయనేమో "నరాల బలహీనత" అన్న బోర్డు చూసి ఒక లాడ్జిలో 18,000 రూపాయలు పోసి ధాతుపుష్టి చూర్ణం తెచ్చుకుని బీరువాలో దాచుకున్నారు. అసలు కారణం చూస్తే, దిగులుకు అంతకు ముందు ఏడాది రాసిన మాత్ర. ఆ మాత్రలు కొందరిలో కోరికను, అంగస్తంభనను తగ్గిస్తాయని రాసిన డాక్టరూ చెప్పలేదు, ఇచ్చిన షాపూ చెప్పలేదు. మేమిద్దరం కలిసి వెళ్లి అడిగాక మందు మార్చారు, మూడు నెలల్లో ఆయన కుదుటపడ్డారు. వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకుని వెళ్లి చూపించమని, తమంతట తాము ఏదీ మానేయవద్దని అందరికీ చెప్పాలనిపించింది.

జనరల్ ఫిజీషియన్, భీమవరం:

అమ్మా, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. దిగులు తగ్గించే మాత్రల్లో కొన్ని, బీపీకి ఇచ్చే బీటా బ్లాకర్లు, థయజైడ్ రకం నీటి మాత్రలు అంగస్తంభన మీద ప్రభావం చూపవచ్చు.

అసలు విషయం నాళాల దగ్గర మొదలవుతుంది. కోరిక కలిగినప్పుడు అంగంలోని నరాల చివరల నుంచి, రక్తనాళాల లోపలి పొర నుంచి నైట్రిక్ ఆక్సైడ్ విడుదలవుతుంది. దాని వల్ల సీజీఎంపీ అనే పదార్థం పెరిగి, నాళాల గోడల్లోని కండరం సడలి, రక్తం నిండుతుంది. ఆ నిండిన ఒత్తిడికి సిరలు నొక్కుకుపోయి రక్తం వెనక్కి పోకుండా నిలుస్తుంది. సీజీఎంపీని విరగ్గొట్టే ఎంజైమును సిల్డెనాఫిల్, అదే రకానికి చెందిన టడలాఫిల్ అడ్డుకుంటాయి, అంతే. కోరికను అవి పుట్టించవు, అందుకే మాత్ర వేసుకుని ఊరికే కూర్చుంటే ఏమీ జరగదు. సిల్డెనాఫిల్‌ను సుమారు గంట ముందు వేసుకోవాలి, నూనె ఎక్కువగా ఉన్న భోజనం మీద వేసుకుంటే ఆలస్యంగా పనిచేస్తుంది. టడలాఫిల్ ప్రభావం 36 గంటల వరకు ఉండవచ్చు. పనిచేయలేదని నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది వేటకూర భోజనం చేసి వెంటనే వేసుకున్నవారే.

ఇక షుగరు, బీపీ, కొలెస్టరాల్, పొగాకు ఈ నాళాల లోపలి పొరను పాడుచేస్తాయి. లంక పొగాకు చుట్ట కాల్చే పెద్దలున్న ప్రాంతం మనది కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను. అంగానికి రక్తం తెచ్చే ధమని వెడల్పు 1 నుంచి 2 మిల్లీమీటర్లు, గుండె ధమనులది 3 నుంచి 4. మన డెల్టాలో కాలువకు పూడిక పడితే ముందుగా ఎండేది శివారు పొలాల బోదె కదా, ఇదీ అంతే. చాలామందిలో గుండె నొప్పి కనిపించడానికి రెండు నుంచి ఐదేళ్ల ముందే అంగస్తంభన తగ్గుతుంది. అందుకే 40 దాటిన వ్యక్తికి ఈ ఇబ్బంది కొత్తగా వస్తే నేను బీపీ చూసి, షుగరు, కొలెస్టరాల్, కోరిక కూడా తగ్గితే ఉదయం పూట టెస్టోస్టెరాన్ అనే పురుష హార్మోను పరీక్ష రాస్తాను. పాతికేళ్ల కుర్రవాడికి తెల్లవారుజామున స్తంభన మామూలుగా ఉండి భార్య దగ్గర మాత్రమే తగ్గుతుంటే, చాలా సందర్భాల్లో అది భయం. అతనికి కౌన్సెలింగ్ ఎక్కువ మేలు చేస్తుంది.

ఫార్మసిస్టు గారూ, మీ ప్రశ్నల పద్ధతి సరైనదే, అయితే అందులో మొదటి ప్రశ్న ఒకటుంది. గుండె నొప్పికి సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మాత్రలు వాడేవారు వీటిని ఎట్టి పరిస్థితుల్లోనూ వేసుకోకూడదు. నైట్రేట్ అదే నైట్రిక్ ఆక్సైడ్ మార్గాన్ని ఒకవైపు నుంచి పెంచుతుంది, ఈ మాత్ర రెండోవైపు సీజీఎంపీ విరగడాన్ని ఆపుతుంది, బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోవచ్చు. సిల్డెనాఫిల్ వేసుకుంటే కనీసం 24 గంటలు, టడలాఫిల్ వేసుకుంటే 48 గంటలు నైట్రేట్ ఇవ్వకూడదు. ఛాతీ నొప్పితో వచ్చిన మనిషి సిగ్గుపడి మాకు ఈ మాత్ర సంగతి చెప్పకపోతే మేమే సార్బిట్రేట్ పెడతాం. చీటీ ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే. స్తంభన నాలుగు గంటలు దాటి తగ్గకపోతే వెంటనే ఆసుపత్రికి రావాలని కూడా చీటీ రాసేటప్పుడే చెప్పగలం.

ఫార్మసిస్టు, పాలకొల్లు ప్రాంతం:

డాక్టరు గారూ, నైట్రేట్ విషయంలో మీకు ఎదురు చెప్పను. నిరుడు ఒకాయన ఈ మాత్ర అడుగుతుండగా ఆయన చేతి సంచిలో సార్బిట్రేట్ సీసా కనిపించింది, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అయితే మీ ఓపీలో ఏం జరుగుతుందో కూడా చూడండి. తలుపు తీసే ఉంటుంది, టేబులు చుట్టూ ఆరుగురు నిలబడి ఉంటారు, వారిలో ఇద్దరు రోగి ఊరివాళ్లే. అక్కడ ఆయన ఈ మాట ఎలా చెబుతాడు?

జనరల్ ఫిజీషియన్, భీమవరం:

ఆ తప్పు మాదే, ఒప్పుకుంటున్నాను. మా క్లినిక్కులో ఈ నెల నుంచి ఒక్కొక్కరినే లోపలికి పంపుతున్నాం. చెప్పడానికి నోరు రానివారు షుగరు, బీపీ పరీక్షకు వచ్చామని చెప్పండి, తలుపు మూశాక మిగతాది నేనే అడుగుతాను. మాత్ర పనిచేయని వారికి వాక్యూమ్ పరికరం, అంగంలో ఇచ్చే ఇంజెక్షను, చివరగా ఇంప్లాంటు శస్త్రచికిత్స ఉన్నాయి, కాబట్టి ఆశ వదులుకోవద్దు.

లంక రైతు, రాజోలు ప్రాంతం:

నిన్న రాత్రి డాక్టరు గారు రాసింది చదివి కాళ్లు వణికాయి. ఉగాదికి మా బావ మా ఇంటికి వచ్చినప్పుడు మాటల్లో నా స్ట్రిప్పు నుంచి రెండు మాత్రలు ఇచ్చాను. ఆయనకు రెండేళ్ల కిందట స్టెంటు వేశారు, జేబులో ఎప్పుడూ గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర ఉంటుంది. రాత్రి పదకొండింటికి ఫోను చేశాను. ఇంకా వేసుకోలేదట, పర్సులో అలాగే ఉన్నాయన్నారు. ఫోను పెట్టకుండానే వాటిని పారేయించాను. నాకు మాత్ర అమ్మిన కుర్రవాడు నన్నేమీ అడగలేదని ఇన్నాళ్లూ కోపంగా ఉండేది, నేనూ మా బావను ఏమీ అడగలేదు. ఫార్మసిస్టు గారూ, మీరన్న శిక్షణ నిజంగా వస్తే నేను అభ్యంతరం చెప్పను, అంతవరకు మాత్రం చీటీ ఉండాల్సిందే. సోమవారం బావను వెంటబెట్టుకుని భీమవరం వస్తున్నాను, డాక్టరు గారూ. ఇద్దరం ఒకే సమస్యకే వస్తున్నాం.