సెఫ్ క్లస్టర్‌ల ఆ 80 మిల్లీసెకన్లు ఎక్కడ పోతున్నయి?

ఓరుగల్లు_లైనక్స్
హనుమకొండల ఒక ల్యాబ్ సెఫ్ క్లస్టర్ (సెఫ్ అంటే చాన మెషిన్ల డిస్కులను ఒక్కటే స్టోరేజ్ లెక్క నడిపే సాఫ్ట్‌వేర్). 3 నోడ్లు, నోడుకు 4 చొప్పున 12 ఓఎస్‌డీలు (డిస్కుకొకటి నడిచే సెఫ్ ప్రోగ్రామ్‌లు), అన్నీ ఎస్‌ఎస్‌డీలే. ఆర్‌బీడీ (సెఫ్ ఇచ్చే వర్చువల్ డిస్కు), 3 కాపీల పూల్. 4 కేబీ రైట్లు సెకనుకు 5,000 దాకా పోతున్నయి. సగటు 2 మిల్లీసెకన్లే గానీ పీ99 (నూటికి 99 రిక్వెస్టులు దాని లోపల అయిపోయే టైమ్) మాత్రం 80 దాకా ఎగబాకుతున్నది. చూద్దామని లాగుల మోతాదు డీబగ్_ఓఎస్‌డీ 20 పెడితే సగటే 9కి పోయింది, లాగులతోని డిస్కు నిండింది. సెఫ్ హెల్త్‌ల స్లో ఆప్స్ (ఆలస్యమైన పనులు) హెచ్చరిక ఒక్కటి గూడ రాదు. బరువు పడకుండ ఒక్కో రిక్వెస్టు దారి చూసుడెట్ల?

కాజీపేట_జంక్షన్
తమ్మీ, ముందుగాల ఆ 20ని మళ్ల డిఫాల్టు 1/5కి తే. అది ట్రేసింగ్ గాదు, ప్రతి ఆప్‌కు (ఓఎస్‌డీకి వచ్చే ఒక్కో పనికి) లైన్లకు లైన్లు తయారుచేసి డిస్కుకు తోలుడు. గట్లయితే నువ్వు కొలిచేది నీ లాగింగ్‌నే. స్లో ఆప్స్ రాకపోవుడు గూడ వింత గాదు: ఓఎస్‌డీ_ఆప్_కంప్లైంట్_టైమ్ డిఫాల్టు 30 సెకన్లు, అది దాటితేనే హెచ్చరిక.

నీకు కావాల్సిన ఆప్ ట్రాకర్ (ఒక్కో ఆప్ ఎక్కడెక్కడ ఆగిందో రాసుకునేది) ఓఎస్‌డీల ఇప్పటికే నడుస్తున్నది. ఆ ఓఎస్‌డీ ఉన్న నోడు మీద అడ్మిన్ సాకెట్‌తోని (నడుస్తున్న ఓఎస్‌డీకి కమాండ్లు పంపే దారి) డంప్_హిస్టారిక్_ఆప్స్_బై_డ్యురేషన్ కొట్టు. చాలామంది ఇది చివరి 20 ఆప్స్ అనుకుంటరు. కాదు. గడిచిన 600 సెకన్లల్ల బాగా ఆలస్యమైన 20 మాత్రమే మిగులుతయి, పొట్టివాటిని అదే తీసేస్తది. చాలకపోతే ఓఎస్‌డీ_ఆప్_హిస్టరీ_సైజ్ 200 చెయ్, రీస్టార్ట్ అక్కర్లేదు.

ప్రతి ఆప్ కింద ఈవెంట్లు, వాటి టైమ్‌లు ఉంటయి. క్యూడ్_ఫర్_పీజీ (పీజీ అంటే డాటా ముక్కల గుంపు) నుంచి రీచ్డ్_పీజీ దాకా గ్యాప్ ఉంటే క్యూల గానీ పీజీ లాక్ కాడ గానీ ఆగినట్టు. ఆప్_కమిట్ ఆలస్యమైతే ఆ ఓఎస్‌డీ సొంత డిస్కే. వెయిటింగ్ ఫర్ సబాప్స్ ఫ్రమ్ 3,9 (మిగతా కాపీలు రాసే ఓఎస్‌డీ 3, 9ల జవాబు కోసం ఆగుడు) అని ఉండి, 3 జవాబు 2 మిల్లీసెకన్లల్ల, 9 జవాబు 78ల వచ్చిందనుకో: ఆప్ పేరుల ఉండే క్లయింట్ ఐడీ పట్టుకొని ఓఎస్‌డీ 9 డంప్‌ల అదే ఐడీ వెతుకు. అక్కడ గూడ 70 పైన ఉంటే డిస్కు, 2 ఉంటే మధ్యల నెట్‌వర్కు.

స్పాన్_పిట్ట
పైదాంట్ల ఒక గుంత ఉన్నది. రెండు నోడ్ల టైమ్‌స్టాంపులు ఒకదాంట్ల నుంచి ఒకటి తీసెయ్యకుర్రి. సెఫ్ మానిటర్ (క్లస్టర్‌ను కనిపెట్టుకునే ప్రోగ్రామ్) క్లాక్ తేడా మీద మొత్తుకునేది 0.05 సెకన్లు దాటినంకనే, అంటే 50 మిల్లీసెకన్లు. వెతికేది 80, అడ్డంల తప్పు 50! కరెంటు పోయి వచ్చినంక క్రోనీ (గడియారాలు సర్దే ప్రోగ్రామ్) ఇంకా సర్దుకోకపోతే మరీ గోస. ఒక్కో నోడుల దాని వ్యవధులు మాత్రమే లెక్కగట్టి, వాటిని పక్కపక్కన పెట్టుర్రి.

ఇక శాంపిలింగ్, అంటే అన్నీ గాకుండ కొన్ని రిక్వెస్టులనే ట్రేస్ చేసుడు. గూగుల్ ట్రేసింగ్ వ్యవస్థ డాపర్ (2010) పేపర్ల లెక్కలు: అన్ని రిక్వెస్టులు ట్రేస్ చేస్తే సగటు లేటెన్సీ 16.3 శాతం పెరిగింది, 16ల ఒకటి పట్టుకుంటే 2.1 శాతం, 1024ల ఒకటయితే కొలత తప్పుల కలిసిపోయింది. పట్టుకోని రిక్వెస్టుకు ఒక అనోటేషన్ (దారిల రాసుకునే గుర్తు) ఖర్చు 9 నానోసెకన్లు, పట్టుకున్నదానికి 40. పట్టుకోవాల్నా వద్దా అనేది మొదట్లనే తేల్చి, ఆ నిర్ణయం చెప్పే బిట్‌ను మెసేజ్‌తోని ముందుకు పంపుడే కీలకం. మధ్యల ఒక్క సర్వీసు ఆ బిట్ వదిలేసినా ట్రేస్ తెగిపోతది.

మీ 5,000కు 1024ల ఒకటంటే సెకనుకు దాదాపు 5 ట్రేస్‌లు. దాంట్ల నూటికొకటి స్లో అనుకున్నా, గంటకు 175 దాకా చేతికొస్తయి. పీ99కు చాలు. పీ99.99 అయితే గంటకు రెండే, అప్పుడు ఈ పద్ధతి మీద ఆశ పెట్టుకోవద్దు.

మడికొండ_బఫర్
అప్పుడు ఎల్‌టీటీఎన్‌జీ (లైనక్స్ ట్రేసింగ్ టూలు) స్నాప్‌షాట్ మోడ్. సీపీయూకొక రింగ్ బఫర్, నిండితే పాతది చెరిపి కొత్తది రాస్తది, డిస్కు ముట్టదు. స్లో రిక్వెస్టు కనబడంగనే స్క్రిప్టుతోని స్నాప్‌షాట్ రికార్డ్ కొట్టాలె, లేకుంటే కావాల్సిందే చెరిగిపోతది. ఫైలు మాత్రం ఓఎస్‌డీ డిస్కు మీద రాయకుర్రి. ఈబీపీఎఫ్ యూప్రోబ్‌లు (నడుస్తున్న ప్రోగ్రామ్ ఫంక్షన్లకు కర్నెల్ నుంచి తగిలించే కొక్కేలు) సులువే గానీ కొట్టిన ప్రతిసారి కర్నెల్‌లకు పోయిరావాలె. రిక్వెస్టుకు ఒకటో రెండో అయితే సరే, పది పెడితే అదే కొత్త భారం.

ఓరుగల్లు_లైనక్స్
అన్నా, స్లోగా ఉన్నయన్నీ ఓఎస్‌డీ 9 మీదనే ఆగుతున్నయి. దాని డంప్‌ల గూడ అదే ఐడీకి 74 మిల్లీసెకన్లు.

కాజీపేట_జంక్షన్
అయితే డిస్కే. 9ల పర్ఫ్ రీసెట్ ఆల్ కొట్టి, ఐదు నిమిషాలు ఆగి పర్ఫ్ డంప్‌ల కేవీ_ఫ్లష్_ల్యాట్ (రాసింది డిస్కుల నిలిచేటట్టు చేసే ఫ్లష్‌కు పట్టే సగటు టైమ్) చూడు. రీసెట్ చెయ్యకపోతే ఓఎస్‌డీ లేచినప్పటి నుంచి సగటు చూపిస్తది, చిన్న చిన్న ఎగుళ్లు దాంట్ల మునిగిపోతయి. మిగతా 11 డిస్కులది గూడ రాసి పెట్టు. 9 ఒక్కటే ఎక్కువుంటే స్మార్ట్‌సీటీఎల్‌తోని (డిస్కు వివరాలు చూపే టూలు) మోడల్ చూడు. కరెంటు పోతే కాపాడే కెపాసిటర్లు లేని ఇంటి రకం ఎస్‌ఎస్‌డీ అయితే, ప్రతి ఫ్లష్‌కు ఫ్లాష్ దాకా నిజంగ రాసి రావాల్సిందే. దానికి ఏ సెట్టింగూ మందు గాదు, డిస్కు మార్చాల్సిందే.