హక్కులు వదులుకునే ఆట: ఎనిమిదో తరగతిలో ఆడించవచ్చా?

సాంఘిక మాస్టారు: ప్రాథమిక హక్కుల పాఠానికి ఒక ఆట పెట్టాను. పది చీటీల మీద పది హక్కులు రాస్తాను. ‘ఒకటి రద్దు చేయాల్సి వచ్చింది, ఏది తీసేస్తారు?’ అంటాను. జట్టులో ఎక్కువమంది చేతులెత్తితే ఆ చీటీ చింపాలి. చివరికి మూడే మిగులుతాయి. 12 నుంచి 35 దాకా అధికరణాలు వల్లె వేయించడంకన్నా ఇది నయం కదా? తోటి టీచరు గారు మాత్రం మానేయమంటున్నారు.

గుంటూరు వకీలు: నేనూ మానేయమనే అంటాను మాస్టారూ. ముందు చిరిగేది ఏ చీటీ? నేను చూసిన తరగతిలో 17వ అధికరణం, అంటరానితనం నిషేధం. ‘ఇప్పుడు అది ఎక్కడుంది’ అన్నారు పిల్లలు. దానితో నిజంగా పనిపడే పిల్లలు ఆ జట్టులో ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్లు గట్టిగా వాదిస్తే ఎందుకు వాదిస్తున్నారో అందరికీ అర్థమవుతుంది. ఊరుకుంటే తమ చీటీ తామే చింపుకున్నట్టు. చేతులెత్తి తీసేయడానికి వీల్లేకుండా ఉండాలనే కదా వాటిని రాజ్యాంగంలో విడిగా రాసుకున్నది!

సాంఘిక మాస్టారు: చేతులెత్తకుండానే పోయిన సందర్భం మన చరిత్రలోనే ఉంది. అత్యవసర పరిస్థితి నడుస్తుండగా 1975 జూన్ 27న రాష్ట్రపతి ఉత్తర్వుతో 14 (సమానత్వం), 21 (ప్రాణం, వ్యక్తి స్వేచ్ఛ), 22 (అరెస్టైనవారికి రక్షణ) అధికరణాల కోసం కోర్టుకు వెళ్లే దారి మూసేశారు. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు నలుగురు ఒక వైపు, జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే మరో వైపుగా ఆ మూతను సమర్థించింది. 20 (నేరం, శిక్షల విషయంలో రక్షణ), 21 అధికరణాలను అత్యవసర పరిస్థితిలో కూడా నిలిపివేయకూడదని 1978లో 44వ సవరణ తెచ్చుకున్నది ఆ దెబ్బ తగిలాకే. ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసిందీ ఆ సవరణే. చీటీ చిరిగినప్పుడు బాధ కలగకపోతే ఇదంతా పిల్లలకు తేదీల పట్టికే.

ఇద్దరు పిల్లల తల్లి: బాధ అందరికీ సమానంగా కలిగితే సరే. వకీలు గారు చెబుతున్నది అది కాదు కదండీ.

గుంటూరు వకీలు: అదేనమ్మా. చీటీల బదులు ఒక కేసు ఇవ్వండి మాస్టారూ. 1985లో కేరళలో ముగ్గురు తోబుట్టువులను బడి నుంచి పంపేశారు. జాతీయ గీతం వచ్చినప్పుడు మర్యాదగా నిలబడేవారు, మత విశ్వాసం వల్ల పాడేవారు కారు. గీతంలో ఏ మతాన్నీ నొప్పించే మాట లేదని హైకోర్టు వారి పిటిషన్ కొట్టేసింది. ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి సుప్రీంకోర్టులో 1986 ఆగస్టులో అసలు ప్రశ్ననే మార్చారు. మనకు ఏమనిపిస్తుందో కాదు, వారి నమ్మకం నిజమైనదా అని చూడాలన్నారు. పాడి తీరాలనే చట్టం లేదనీ తేల్చారు. పిల్లలను మళ్లీ చేర్చుకోవలసి వచ్చింది. ఇక్కడ ఎవరి కులమూ బయటపడదు, ఎవరి హక్కూ పందెంలో ఉండదు.

సాంఘిక మాస్టారు: రోజూ ప్రార్థనలో గీతం పాడించే బడిలో ఈ కేసు పెడితే మా హెడ్మాస్టరు గారు నన్ను బయట నిలబెడతారు!

ఇద్దరు పిల్లల తల్లి: చిక్కు లేని కేసుతో ఆలోచన ఎలా పుడుతుంది? మా అమ్మాయి అయితే వాళ్లు పాడాల్సిందే అంటుంది. అననివ్వండి, ఆ మాటకు కారణాలు రాయించండి. తీర్పు మాత్రం మర్నాటిదాకా చెప్పకండి.