సంక్రాంతి బొమ్మల కొలువు: టేకు మెట్ల పలకలు, ప్లేనర్ పని

డల్లాస్, వేదిక అలంకరణ:
కొలువుకి ఏడు మెట్లు ఖాయం. ఒక్కోటి 120 సెంటీమీటర్ల పొడవు, 22.5 వెడల్పు. ఫ్రేము ఇక్కడే చేయిస్తున్నాం, టేకు పలకలు మాత్రం హైదరాబాద్ నుంచి రావాలి. మందం ఎంత పెడదాం? అక్కడ ప్లేనర్ (పలకను చెక్కి మందం సమం చేసే మిషను) కొని, పనయ్యాక ఇక్కడికి పంపితే సంఘానికి ఉపయోగపడుతుందా?

హైదరాబాద్, చెక్క పని:
ప్లేనర్ పంపే ఆలోచన మానేద్దాం అక్కా. మేం చూస్తున్న మకీటా 2012ఎన్‌బీ ఒక్కటే 27 కిలోలు, 23 కిలోల బ్యాగులో పట్టదు. పైగా ఇక్కడిది 220 వోల్టుల మిషను, మీ దగ్గర 120. 1650 వాట్ల మోటారును ట్రాన్స్‌ఫార్మర్ మీద నడపడం దండగ. మీకు అక్కడ సొంతంగా కావాలంటే డివాల్ట్ డీడబ్ల్యూ735 చూడండి. 13 అంగుళాల వెడల్పు పలకలు పడతాయి, మూడు బ్లేడ్లు, పొట్టును బయటికి తోసే ఫ్యాను ఉంటుంది. దాన్ని ఎత్తడానికి మాత్రం ఇద్దరు కావాలి.

మందం 16 మిల్లీమీటర్లు పెడదాం. ఈ కొలతలో టేకు పలక ఒక్కోటి దాదాపు 2.8 కిలోలు, ఏడూ కలిపి 20 కిలోల లోపే. ఒకదానిమీద ఒకటి పేర్చితే పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 154 సెంటీమీటర్లు. చెక్ ఇన్ బ్యాగుకు సాధారణంగా ఉండే హద్దు 158. అంటే అట్టలో చుట్టి, వచ్చేవాళ్లు ఎవరైనా సామానుగా తెచ్చేయవచ్చు. మందం ఒక్క మిల్లీమీటరు పెరిగినా ఏడు పలకల మీద కిలోంబావు పెరుగుతుంది. 18 పెడితే ప్యాకింగుతో కలిపి 23 దాటుతుంది. దిగాక చెక్క సామాను ఉందని కస్టమ్స్‌లో తప్పకుండా చెప్పాలి.

డల్లాస్, వేదిక అలంకరణ:
16 అంటే మట్టిబొమ్మల బరువుకి నడుమ వంగదా అన్నా?

హైదరాబాద్, చెక్క పని:
రెండు చివరలే ఆనితే వంగుతుంది. మీ ఫ్రేములో ప్రతి మెట్టు కింద మధ్యలో మూడో ఆధారం పెట్టించండి. స్క్రూ రంధ్రాలు గుండ్రంగా కాకుండా పలక వెడల్పు దిశలో కోలగా ఉండాలి. జనవరిలో హాలు హీటరు గాలికి చెక్క ఆరి ముడుచుకుంటుంది. గట్టిగా బిగిస్తే నిలువునా చీలుతుంది.

హైదరాబాద్, కొనుగోళ్లు:
బోయిగూడ టింబర్ డిపోల్లో అడుగుతున్నాం. ఎన్ని పలకలు, ఏ సైజు?

హైదరాబాద్, చెక్క పని:
తొమ్మిది తీసుకోండి. ఏడు మెట్లకి, ఒకటి ట్రయల్‌కి, ఒకటి చెడితే ఆదుకోవడానికి. 25 మిల్లీమీటర్ల మందం, 140 సెంటీమీటర్ల పొడవు. ఆ అదనపు 20 సెంటీమీటర్లు వృథా కాదు. పలక ప్లేనర్‌లోకి దూరేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ దాన్ని లాగే రెండు రోలర్లలో ఒక్కటే పట్టుకుని ఉంటుంది కాబట్టి, కొస పైకి లేచి ఐదారు సెంటీమీటర్ల మేర లోతుగా తెగుతుంది. ఆ కొసల్ని చివర్లో కోసేస్తాం. మీటరుతో తేమ చూడండి, 12 శాతం దాటితే వద్దు. పాత తలుపుల చెక్క అసలే వద్దు, లోపల విరిగిన మేకు ఒక్కటి చాలు బ్లేడు పోవడానికి. రాణీగంజ్‌లో స్పేర్ బ్లేడ్ల జత కూడా తెండి, టేకు బ్లేడును తొందరగా మొద్దు చేస్తుంది.

పని ఇలా చేద్దాం. ప్లేనర్ మందాన్ని సమం చేస్తుందే గానీ వంకర తీయదు. రోలర్లు వంగిన పలకను నొక్కి చదును చేసి లోపలికి లాగుతాయి, బయటికి రాగానే అది మళ్లీ వంగుతుంది. అందుకని 150 సెంటీమీటర్ల ప్లైవుడ్ మీద పలకను పెట్టి, ఊగే మూలల కింద సన్నని చెక్కపొరలు దోపి, హాట్ గ్లూతో అంటించాలి. ముందు కొసన ఒక అడ్డుబద్ద కొట్టాలి, లేకపోతే పలక ప్లైవుడ్ మీంచి ముందుకి జారిపోతుంది. పైముఖం పూర్తిగా చదునయ్యాక ప్లైవుడ్ తీసేసి, ఆ ముఖం కిందికి వచ్చేలా నడపాలి.

ఈ వెడల్పుకి ఒక్క విడతకి 1 మిల్లీమీటరు మించకూడదు, చివరి రెండు విడతలు అర మిల్లీమీటరే. పలక అంచు చూడండి: ముందు దూరే కొస నుంచి వెనక్కి చెక్క నార గీతలు పైకి ఎక్కుతూ ఉండాలి. ఎదురుగా పెడితే పొరలు పెచ్చులుగా లేస్తాయి. పలకను తిరగేసినప్పుడల్లా కొసలు కూడా మార్చాలి. మర్చిపోకుండా ముందు కొసన సుద్దతో బాణం గీయండి. మందం మార్చే హ్యాండిల్ తిప్పేముందు తొమ్మిది పలకలూ అదే సెట్టింగులో వెళ్లిపోవాలి, అప్పుడే మందం ఒక్కటిగా వస్తుంది. 18 దగ్గర ఆపి, మధ్యలో బద్దలు పెట్టి వారం పేర్చి ఉంచుదాం. లోపలి బిగువు సడలి వంగేది అప్పుడే వంగుతుంది. తర్వాత రెండు ముఖాలూ తిరగేస్తూ 16కి దించుదాం.

హైదరాబాద్, కొనుగోళ్లు:
ట్రయల్ పలక మీద పొడవునా దారంలాంటి గీత తేలింది, గోటికి తగులుతోంది. బ్లేడు మార్చాలా?

హైదరాబాద్, చెక్క పని:
అక్కర్లేదు. బ్లేడ్లు రెండింటికీ ఒకేచోట అంచు కాస్త విరిగింది. ప్లగ్గు తీసేసి, ఒక బ్లేడును పక్కకి ఒక మిల్లీమీటరు జరిపి బిగించండి. ఒకటి వదిలేసింది రెండోది కోస్తుంది. పలక మధ్యలో ఆగిపోతుంటే టేబుల్‌కి మైనం రుద్దండి. సిలికాన్ స్ప్రే కొట్టకండి, తర్వాత పాలిష్ అంటదు. ఎక్స్‌టెన్షన్ వైరు చుట్ట మొత్తం విప్పి వాడండి, చుట్ట మీదే నడిపితే వేడెక్కుతుంది. పొట్టు గొట్టం వంపు దగ్గర పూడుకుంటే మిషను ఆపి, ప్లగ్గు పీకాకే చెయ్యి పెట్టాలి.

డల్లాస్, వేదిక అలంకరణ:
మూడో ఆధారం, కోల రంధ్రాలు ఫ్రేము డ్రాయింగులో చేర్చాం. రంధ్రాల కొలతలు ఈ రాత్రికి పెడతాం.