పఫ్ యాడర్‌కు అక్కర్లేని రిజిస్ట్రేషన్ ఇగ్వానాకు ఎందుకు?

రెండుతాళాలు:
ప్రమాదకరమైన విదేశీ వన్యప్రాణులను పెంచుకునేవాళ్లకు మన దగ్గర ఉన్నది లైసెన్సు కాదు, లెక్క రాసుకోవడం మాత్రమే. 2022 సవరణతో సైటిస్ (ముప్పున్న జాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) జాబితా వన్యప్రాణి చట్టంలో నాలుగో షెడ్యూలైంది. 2024 ఫిబ్రవరి 28 నిబంధనలు వచ్చాక ఆ జంతువులున్నవాళ్లు ఆరు నెలల్లో కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ పరివేశ్ 2.0లో నమోదు చేసుకోవాలన్నారు. సైటిస్ చూసేది వ్యాపారం వల్ల ఆ జాతికి వచ్చే ముప్పునే. మనిషికి వచ్చే ముప్పు దాని లెక్కలో లేదు. అందుకే ఆకులు తినే బల్లి ఇగ్వానాకు రిజిస్ట్రేషన్ కావాలి, ఆఫ్రికా విషసర్పం పఫ్ యాడర్‌కు అక్కర్లేదు! బ్రిటన్ 1976 ప్రమాదకర వన్యప్రాణుల చట్టంలా చేయాలి: స్థానిక కౌన్సిల్ లైసెన్సు, పశువైద్యుడి తనిఖీ (ఖర్చు దరఖాస్తుదారుడిదే), బీమా, కాలపరిమితి.

నీలిపింజర:
ఆ బ్రిటన్ చట్టంలో లైసెన్సు కావాల్సిన జంతువుల జాబితాలో అనకొండ, కొండచిలువలు లేవండీ. జాబితా ఎవరు రాసినా కంత ఉంటుంది.

పశువైద్యం:
తనిఖీ సంగతి తర్వాత, కాటు పడితే మందేది? మన యాంటీ వీనం తయారయ్యేది నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలతో. పఫ్ యాడర్ కాటుకు అది ఎన్ని వయల్స్ ఎక్కించినా ఆశ పెట్టుకోలేం. ఆఫ్రికా పాముల విషంతో చేసిన సీరం (విరుగుడు మందు) కావాలి, అది ఇక్కడి మందుల షాపుల్లో దొరకదు.

లైసెన్సు ఇస్తామంటే కనీసం ఇవి ఉండాలి. గదికి రెండు తలుపులు, ఒకటి మూశాకే రెండోది తెరవాలి. తలుపు కింద సందు ఉండకూడదు, డ్రెయిన్‌కు సన్నజాలీ. ప్రతి పెట్టె మీదా పాము శాస్త్రీయ నామం, కావాల్సిన సీరం పేరు. ఎక్కువగా చేయి పెట్టెలోకి వెళ్లేది మేతకూ శుభ్రానికీ, ప్రమాదమూ అప్పుడే. కాబట్టి ముందు పామును పక్క పెట్టెలోకి పంపి తాళం వేయాలి. ఒంటరిగా తెరవకూడదు.

నీలిపింజర:
ఇవన్నీ రాసి ఇచ్చాక ఎవరు చూస్తారు? అమెరికా ఒహాయో రాష్ట్రంలోని జేన్స్‌విల్‌లో 2011 అక్టోబరులో ఒక యజమాని బోనులు తెరిచేసి తానూ చనిపోయాడు. చీకటిపడే వేళ, మత్తుసూది పనిచేయడానికి నిమిషాలు పడుతుంది. పోలీసులు 48 జంతువులను కాల్చేశారు, అందులో 18 పులులు. అక్కడ గట్టి చట్టం వచ్చింది ఆ మరుసటి ఏడాదే. నా మాట నిషేధమే.

రెండుతాళాలు:
విషసర్పాల వరకు సరే, పశువైద్యం గారు చెప్పిన సీరం లేకుండా లైసెన్సిస్తే అది కాగితమే. కానీ ఇప్పటికే ఇళ్లలో ఉన్నవాటిని ఏం చేస్తారు? గడువు పెట్టి లాక్కుంటే రాత్రికి రాత్రి చెరువుగట్టున వదిలేస్తారు.

నీలిపింజర:
లాక్కోవద్దు. అమెరికా 2022 పెద్దపిల్లుల చట్టంలో చేసినట్టు చేయొచ్చు: ముందునుంచీ ఉన్నవాళ్లు 2023 జూన్ 18లోగా నమోదు చేసుకుంటే ఉంచుకోనిచ్చారు. పిల్లల్ని పెట్టించకూడదు, కొత్తవి తేకూడదు, అమ్మకూడదు.