మానససరోవరం యాత్రకి ఇన్సూరెన్స్: అమ్మకి 67, బీపీ ఉంది. ఏది తీసుకోవాలి?

గోదారిగట్టు:
నమస్కారమండీ. జూన్‌లో అమ్మానాన్నల్ని ఖాట్మండు మీదుగా కైలాసం పంపుతున్నాం. నేపాల్‌గంజ్, సిమికోట్, హిల్సా దారి. అమ్మకి పదేళ్లుగా బీపీ మాత్ర. నాన్నకి 71, ఏ జబ్బూ లేదు (టెస్టులు చేయించుకోరు కాబట్టి). ఎత్తు ప్రదేశాలకి పనికొచ్చే పాలసీ ఏదండీ? హెలికాప్టర్ ఖర్చు ఇస్తారా? లగేజీ పోతే ఎంత వస్తుంది?

సిద్దిపేట_శ్రీను:
లగేజీ ముచ్చట తర్వాత అన్నా. మేం 2019ల పోయినం. కైలాసం కింది ఊరు డార్చెన్‌ల రాత్రి రెండింటికి మా బాపుకు ఊపిరాడలే. వేలికి మిషిన్ పెడితే ఆక్సిజన్ 61. టిబెట్ దిక్కు మనకు హెలికాప్టర్ రాదు, యాదుంచుకో. వంద కిలోమీటర్లు జీపుల తక్లాకోట్ దాక, ఆడ బార్డర్ తెరిచేదాక కూసున్నం. హిల్సా బ్రిడ్జి మీదికెళ్లి నేపాల్ దిక్కు ప్లాస్టిక్ కుర్చీల మోసుకొచ్చినం, అప్పుడు దొరికింది హెలికాప్టర్. గ్రూప్ వీసాలకెళ్లి మా పేర్లు విడగొట్టనీకి మళ్ల పైసలు. ఇంటికొచ్చినంక ఇన్సూరెన్సోళ్లు ఏమన్నరో ఎరికేనా? "మాకు ముందు ఫోన్ చెయ్యలే, మేం ఒప్పుకున్న హెలికాప్టర్ కాదు" అన్నరు. రూపాయి రాలే.

బెజవాడ_బుల్లెట్:
ఇన్సూరెన్సూ లేదు, గిన్సూరెన్సూ లేదు. ముద్దకర్పూరం గుడ్డలో కట్టి మెళ్లో వేసుకున్నా, పరిక్రమ 3 రోజులూ నడిచేశా. డోల్మా లా కనుమ మీద గుర్రం కూడా ఎక్కలేదు. శివయ్య పిలిస్తే ఏమీ కాదండీ.

కర్నూలు_డాక్టరమ్మ:
కర్పూరం పీలిస్తే ముక్కు చల్లబడి గాలి బాగా ఆడినట్టు ఉంటుంది. రక్తంలో ఆక్సిజన్ ఒక్క పాయింటు కూడా పెరగదు. జబ్బు ముదిరిందని తెలియకుండా ఇంకా పైకి ఎక్కేస్తారు, ప్రమాదం అక్కడే.

బెజవాడ_బుల్లెట్:
మా బ్యాచ్‌లో 34 మందిమి పీల్చాం మేడమ్. అందరం తిరిగొచ్చాం. మీరు వెళ్లొచ్చారా అసలు?

కర్నూలు_డాక్టరమ్మ:
వెళ్లలేదు. గుండెపోటు కూడా నాకు రాలేదు, వైద్యం మాత్రం చేస్తాను. ఎత్తుకి వాడే మాత్ర డయామాక్స్ సంగతి మీ డాక్టర్ని అడగండి. సల్ఫా మందులు పడనివాళ్లు సొంతంగా మింగొద్దు. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే ఆక్సిజన్ పెట్టి వెంటనే కిందికి దించాలి. చిన్న ఆక్సిజన్ స్ప్రే డబ్బాలు నాలుగు నిమిషాల ముచ్చట.

బెజవాడ_బుల్లెట్:
ఇంగ్లీషు మందులోళ్లకి మన కర్పూరమంటే ఎప్పుడూ చులకనే.

రిటైర్డ్_బీమా:
కర్పూరం హారతికి వాడుకుని ఇటు రండి. క్లెయిముల సెక్షన్లో 31 ఏళ్లు చేశాను. పాలసీ పేరు అడగడం దండగ, వెనక పేజీల్లో "మినహాయింపులు" చదవండి. ఎన్ని మీటర్ల వరకు అని రాసి ఉంటుంది. మానససరోవరం దాదాపు 4,590, డోల్మా లా సుమారు 5,600. ట్రెక్కింగును సాహసక్రీడ కింద తీసేస్తే పరిక్రమలో మీకు ఏమీ రాదు. దేశాల దగ్గర నేపాల్, చైనా రెండూ ఉండాలి. నేపాల్ ఒక్కటే రాయించుకుని వెళ్లినవాళ్లని చూశాను. అమ్మగారి బీపీ ఫారంలో రాయండి. ఏజెంటు "అక్కర్లేదండీ" అంటాడు, క్లెయిము రోజున ఆ ఏజెంటు ఫోనెత్తడు.
శ్రీనుగారూ, తప్పు మీది కూడా ఉంది. కార్డు మీద 24 గంటల నంబరు ఉంటుంది.

సిద్దిపేట_శ్రీను:
తప్పు మాదా? మా ఫోన్లు ఆడ పనిచెయ్యలే సారూ. గైడ్‌ది చైనా సిమ్ము, మాట్లాడితే వానికి చైనా భాషే. బాపు పెదాలు నీలంగైతుంటే నేను పాలసీ నంబర్ ఎతకాల్నా? ఏసీ రూముల కూసొని మస్తు చెప్తరు.

లిపులేఖ్_యాత్రికుడు:
ముందు ఫోన్ చేయాలన్న షరతు ఊరికే పెట్టలేదు లెండి. అక్కర్లేని ట్రెక్కర్లని కూడా హెలికాప్టర్ ఎక్కించి క్లెయిములు వేస్తున్నారని 2018లో నేపాల్ ప్రభుత్వ విచారణలోనే తేలింది. దొంగలు చేసిన పనికి శ్రీను లాంటివాళ్లు బలైపోయారు.
నేను విదేశాంగ శాఖ బ్యాచ్‌లో వెళ్లాను. ఢిల్లీలో వైద్య పరీక్షలు, మళ్లీ ఉత్తరాఖండ్ కొండల్లో గుంజిలో. అటువైపు చనిపోతే అక్కడే దహనం చేయడానికి ఒప్పుకుంటున్నానని ముందే సంతకం పెట్టాలి. ఆ కాగితం మా ఆవిడకి చూపించలేదు. అందులో 70 దాటితే తీసుకోరు, కాబట్టి మీ నాన్నగారికి ఆ దారి లేదు.

న్యూజెర్సీ_కోడలు:
బీపీ దాచొద్దన్నారు కదా, అమెరికా వచ్చిన మా అత్తగారికి విజిటర్ పాలసీ తీసుకున్నాం, బీపీ రాశాం కూడా. ఇక్కడ గుండె నొప్పొస్తే "పాత జబ్బు ఉన్నట్టుండి ముదిరితేనే ఇస్తాం, ఇది నెమ్మదిగా ముదిరింది" అన్నారు. నొప్పి ఎంత స్పీడుగా వచ్చిందో అత్తయ్య స్టాప్‌వాచ్ పెట్టి చూసుకోవాలట.

లిపులేఖ్_యాత్రికుడు:
కైలాసం దారిలో మీ న్యూజెర్సీ ఎక్కడిదమ్మా!

న్యూజెర్సీ_కోడలు:
కర్పూరం మీద అరపేజీ నడిచింది, నాది రెండు ముక్కలకే బరువైందా?

రిటైర్డ్_బీమా:
శ్రీనుగారూ, కటువుగా అన్నాను, ఏమనుకోకండి. తిరస్కరించాక ఏడాది లోపు, బీమా ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లాల్సింది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఇప్పుడు గడువు దాటిపోయింది. గోదారిగారూ, అందుకే చెబుతున్నా: ఆ 24 గంటల నంబరు అమ్మగారి ఫోన్లో కాదు, ఇక్కడ మీ ఫోన్లో ఉండాలి. గైడు ఎలాగోలా మీకు కబురు పెడితే, కంపెనీకి మీరు చేయండి. చేసిన టైము రాసి పెట్టుకోండి.

సిద్దిపేట_శ్రీను:
గీ ముక్క అప్పుడు ఒక్కడు చెప్పలే సారూ.

గోదారిగట్టు:
అందరికీ థాంక్సండీ. డాక్టరమ్మగారి మాట విని ఇద్దరినీ టెస్టులకి తీసుకెళ్లా. అమ్మకి అంతా బాగుంది. ఏ జబ్బూ లేని నాన్నకి షుగర్ 286. ఫారంలో రాయొద్దని నిన్నటి నుంచి అలిగి కూర్చున్నారు. ఇది ముందే ఉన్న జబ్బు అవుతుందా, నిన్న వచ్చింది అవుతుందా? లగేజీ గురించి కూడా ఎవరూ చెప్పలేదు.

బెజవాడ_బుల్లెట్:
షుగర్‌కి మెంతులు నానబెట్టి