అప్‌డేట్: మ్యాట్రిక్స్ పక్కన బ్రాకెట్లు ఎందుకు సాగలేదంటే

వెబ్‌పేజీలో మ్యాథ్‌ఎంఎల్‌తో (ఫార్ములాలు రాసే మార్కప్ భాష) రాసిన మూడు వరుసల మ్యాట్రిక్స్‌కి అటూ ఇటూ బ్రాకెట్లు ఒక్క అక్షరం ఎత్తులోనే ఉండిపోతున్నాయని అడిగాను కదా, కారణం దొరికింది. ఫాంటే. పేజీ రూపాన్ని నిర్ణయించే స్టైల్‌షీట్‌లోని ఒక రూల్ ఫార్ములాలకి కూడా మామూలు టెక్స్ట్ ఫాంట్‌నే అంటగడుతోంది. ఆ ఫాంట్‌లో ఓపెన్‌టైప్ మ్యాథ్ టేబుల్ (గణిత గుర్తుల పెద్ద సైజులు, ముక్కల వివరాలు ఉండే భాగం) లేదు.

బ్రౌజర్ బ్రాకెట్‌ని రబ్బరులా లాగదు. ముందు లోపలున్నదాని ఎత్తు, లోతు కొలుస్తుంది. అంతకు సరిపడే పెద్ద సైజు బ్రాకెట్ ఆ టేబుల్‌లో ఉందేమో చూస్తుంది. ఏదీ చాలకపోతే పైముక్క, కిందిముక్క పెట్టి, మధ్యలో నిలువు ముక్కని కావలసినన్నిసార్లు, అంచులు కాస్త ఒకదానిమీద ఒకటి ఎక్కేలా అతికిస్తుంది. టేబులే లేకపోతే ఏం అతికిస్తుంది పాపం!

ఆ టేబుల్ ఉన్న స్టిక్స్ టూ మ్యాథ్ అనే ఫాంట్ పెట్టాక క్రోమ్‌లో సరిగ్గా వచ్చింది. ఎత్తయిన ఘాతం ఉన్నచోట బ్రాకెట్ కిందికి కూడా పెరగడం మాత్రం బగ్ కాదు. గణిత అక్షానికి (మైనస్ గుర్తు ఉండే ఎత్తులో ఊహించుకునే అడ్డగీతకి) పైనా కిందా రెండువైపులా సమానంగా సాగడం డిఫాల్ట్. వద్దనుకుంటే బ్రాకెట్ ట్యాగ్‌లో సిమెట్రిక్ అనే ఆట్రిబ్యూట్‌ని ఫాల్స్ చేస్తే చాలు.