సమస్య: తనకు దానె తండ్రి తనయు డయ్యె

మిర్యాల మిల్లు: సార్లకు దండాలు. మా రైస్ మిల్లుల కాంటా లెక్కలు ఒక చిన్న సర్వర్ల పెట్టిన, ఆఫీసు కంప్యూటర్ల 192.168.1.10 కొడితే చాలు క్రోమ్ మొత్తుకుంటది, హెచ్‌టీటీపీఎస్ మీద ఎర్రగీత, అడ్వాన్స్‌డ్ నొక్కు ప్రొసీడ్ నొక్కు, మా గుమాస్తా నన్ను కొట్టుడొక్కటే తక్కువ. సర్టిఫికెట్ (సర్వర్ ఎవరిదో చెప్పే గుర్తింపు పత్రం) తెరిచి చూస్తే ఇష్యూడ్ టూ (ఎవరికి ఇచ్చిండ్రు), ఇష్యూడ్ బై (ఎవరు ఇచ్చిండ్రు) రెండిట్లా ఒకటే పేరు! గప్పుడు తట్టింది ఈ పాదం. ఆటవెలది, ఆఖరి పాదం, జెర పూరించుండ్రి.

దేవరకొండోడు:
మిల్లు సర్వరొకటి మీసాలు మెలివెట్టి
సంతకమ్ము దానె సలుపుకొనియె
ఇచ్చినతడు తానె యిచ్చట గొనె తానె
తనకు దానె తండ్రి తనయు డయ్యె

పంతులు సారు: మెలివెట్టుడు మస్తుగున్నది. మూడో పాదంల ‘ఇచ్చట’ మాత్రం యతి కోసం పట్టుకొచ్చిన చుట్టమే, దానికి అక్కడ పనేం లేదు. గణాలు మాత్రం సాఫు.

నల్లగొండ పోరడు: మొదటిసారి రాస్తున్న, తప్పులుంటే తిట్టకుండ్రి
ఎర్రగీత గీసి యెవరివాడవనంగ
బ్రౌజరునకు జెప్పె బొంకు లేక
ఊరు పేరు లేని యొంటిగాడను నేను
తనకు దానె తండ్రి తనయు డయ్యె

పంతులు సారు: బిడ్డా, బ్రౌ–బొం యతి కుదరదు. ఔ అనేది అ, ఆ, ఐ జట్టుల ఉంటది, ఒ పోయి ఉ జట్టుల కలుస్తది. ‘భయము లేక’ అని మార్చు, బకు భ చెల్లుతది. ఇగ ‘నేను’ అని మొదలువెట్టి ‘డయ్యె’ అని ముగిస్తే అన్వయం తెగింది, ‘యొంటిగా డీతడు’ అంటే సరి. అయితే ‘ఊరు పేరు లేని’ అని నువ్వు తెల్వకనే అసలు రోగం పట్టినవ్. 2017ల వచ్చిన క్రోమ్ 58 నుంచి సర్టిఫికెట్ల కామన్ నేమ్ అనే పాత పేరు గడిని చూసుడే బంద్ వెట్టిండ్రు, పేరు సబ్జెక్ట్ ఆల్టర్నేటివ్ నేమ్ అనే ఇంకో గడిల ఉండాలె. మిల్లు తమ్ముడూ, నీది ఐపీ (అంకెల అడ్రస్) కాబట్టి అండ్ల డీఎన్‌ఎస్ (అక్షరాల పేరు) అని కాదు, ఐపీ అనే రాయాలె. అది లేకపోతే విండోస్‌ల ట్రస్టెడ్ రూట్ డబ్బాల (కంప్యూటర్ నమ్మే సర్టిఫికెట్ల జాబితా) దాన్ని ఎన్నిసార్లు ఎక్కించినా ఎర్రగీత పోదు.

దేవరకొండోడు: ఒక్క సర్వర్ సర్టిఫికెట్‌నే ఎక్కించుడు కంటే ఎంకేసర్ట్ అనే ప్రోగ్రాంతోని సొంత రూట్ (మిగతా సర్టిఫికెట్ల మీద సంతకం పెట్టే మూల సర్టిఫికెట్) చేసుకొని దాంతోని సంతకం పెట్టిస్తే నయం, రేపు ఇంకో సర్వర్ పెట్టినా మళ్ల ఎక్కించే పని లేదు. రూట్ ప్రైవేట్ కీ (ఆ సంతకం పెట్టే రహస్య తాళంచెవి) మాత్రం ఎవ్వలకు ఇయ్యకు, అది దొరికినోడు మీ మిల్లు కంప్యూటర్లకు ఏ బ్యాంకు సైటునైనా దొంగది చేసి చూపియ్యొచ్చు.

పంతులు సారు: రూట్ అన్నరు గనుక నాదొకటి:
పాలమూరి మర్రి పాత యూడలవోలె
వేరు మానె యయ్యె వెదకి చూడ
రూటు పత్రమునకు రుజువెవ్వరిత్తురు
తనకు దానె తండ్రి తనయు డయ్యె

నల్లగొండ పోరడు: పిల్లలమర్రికాడ నిలవడి ఏది మొదటి మొదలో వెతికినోళ్లకు ఎరుక సార్ ఇది 🙏

మిర్యాల మిల్లు: ఎంకేసర్ట్‌తోని చేసిన, ఐపీ రాసిన, ఆఫీసు కంప్యూటర్ల రూట్ ఎక్కించిన, క్రోమ్ ఇగ సప్పుడు చేస్తలేదు. కానీ సార్, ఇప్పుడు సర్టిఫికెట్ల తండ్రి వేరు కొడుకు వేరు కనవడుతుండ్రు, నేనిచ్చిన పాదమే తప్పయింది.

పంతులు సారు: రూట్‌ది తెరిచి చూడు.